రెండు గుప్పిళ్ళు

ప్రార్థన మందిరానికీ మా వంటింటికీ మధ్య ఒక తలుపుంది. దాని గడియ మందిరం వైపుంది. మా వైపు లేదు. నేనీ ఇంటికొచ్చి ఇరవై ఏళ్ళు దాటింది, అయినా ఆ తలుపుని చూస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

గడియ అటువైపు పెట్టటానికి కారణం ఉందిలెండి. మైకు సెట్టు, సౌండు బాక్సులు అన్నీ మందిరంలోనే ఉంటాయి. మా పెరటి గోడేమో పొట్టిది. ఎవరైనా గోడ దూకి, మా ఇంట్లోంచి మందిరంలోకి వెళ్ళి సామాను పట్టుకుపోతారేమోనని వడ్రంగి అటు బిగించాడు. ఆయనా మా సంఘస్థుడే. "మా వైపు కూడా ఒకటి పెట్టండి బాబాయ్" అని కొత్తలో అడిగాను. ఆయన సుత్తి కింద పెట్టి నా మొహం చూశాడు. "అయ్యగారింటికి గడియేంటమ్మా?" అన్నాడు. నవ్వేసి ఊరుకున్నాను. ఈ ఊళ్ళో నేను నవ్వేసి ఊరుకున్నవాటిలో అదే మొదటిది.

అంచేత ఆ తలుపు తోసుకుని ఎవరైనా రావచ్చు. ఆరాధన మధ్యలో పసిపిల్లకు పాలు కలపాలన్నా, మాత్ర వేసుకోవటానికి మంచినీళ్ళు కావాలన్నా, మొగుడితో పోట్లాడొచ్చి ఏడుపు ఆగకపోయినా అందరికీ దారి అదే. నేను తల దువ్వుకుంటుంటే వచ్చారు. గంజి వారుస్తుంటే వచ్చారు. ఒకసారి మా ఆయన మీద గొంతు చించుకుని అరుస్తుంటే కూడా వచ్చారు. "వందనాలండీ అమ్మగారూ" అని వినపడిందంటే చాలు, నా గొంతు దానంతటదే మెత్తబడిపోతుంది. అది చూసి ఆయన పక్కగదిలో నవ్వుకుంటారు.

నాకు కోపం ఎక్కువ. పాస్టరమ్మకు ఉండకూడని గుణం ఏదైనా ఉందంటే అదే. పుట్టింట్లో నన్ను మిరపకాయ అనేవాళ్ళు. ఇక్కడేమో "మా అమ్మగారికి కోపమంటే ఏంటో తెలీదండి" అని పక్క ఊళ్ళ వాళ్ళ దగ్గర గొప్పగా చెప్పుకుంటారు. ఆ మాట విన్నప్పుడల్లా ఆ రోజంతా నాకు ఇంకా కోపంగా ఉంటుంది.

అవనిగడ్డలో ఆటో ఎక్కితే మా ఊరు అరగంట. ఇక్కడి సంఘం మా ఆయన్ని పిలిచింది. "నాకు పిలుపొచ్చింది" అని ఆయన ఇప్పటికీ అంటారు. నాకే పిలుపూ రాలేదు, నేను ఆయనతో వచ్చాను. వచ్చిన వారానికే అర్థమైంది, సంఘం ఒక్కరిని పిలిచి ఇద్దరిని పెట్టుకుందని. చీరల కొట్లో ఒకటి కొంటే ఒకటి ఉచితం అన్నట్టు. ఆయన వాక్యం చెబుతారు, బాప్తిస్మాలిస్తారు, పెళ్ళిళ్ళు చేస్తారు, పోయినవాళ్ళని సమాధి చేస్తారు. మిగిలిందంతా నాది. స్త్రీల కూడిక నాది, సండే స్కూలు నాది, బాలింతని చూసి రావటం నాది, చావింట్లో కూలబడిపోయిన మనిషిని పట్టుకుని కూర్చోవటం నాది. ఈ పనికి ఇదీ అని పేరు లేదు. 'అమ్మగారు' అంటే చాలు, అందులో అన్నీ వచ్చేస్తాయి.

మేం తినేది సంఘం బియ్యం. మా వైపు విశ్వాసుల ఇళ్ళల్లో ఇది మామూలే. బియ్యం కడిగేముందు ఇల్లాలు ఒక గుప్పెడు తీసి వేరే డబ్బాలో పోస్తుంది. అది దేవుడి గుప్పెడు. ఆదివారం ఆ డబ్బాలు తెచ్చి వేదిక ముందున్న పెద్ద బేసినులో కుమ్మరిస్తారు. పనుల్లేని రోజుల్లోనూ మానరు, తుఫానుకి చేలు పడిపోయిన ఏడాదీ మానలేదు. ఆరాధన అయ్యాక ఆ బేసిను తలుపులోంచి మా వంటింట్లోకి వస్తుంది.

ఆ బియ్యం వండటం ఒక విద్య. ఒకరివి కొత్త బియ్యం, ఒకరివి పాతవి, చాలామందివి రేషనువి, ఇంట్లో నూకలే ఉన్నవాళ్ళు నూకలే పోస్తారు. అన్నీ ఒకే గిన్నెలో పడితే కొన్ని ముద్దయిపోతాయి, కొన్ని పలుకుండిపోతాయి. మొదటిసారి గుడివాడ నుంచి మా అమ్మ వచ్చినప్పుడు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని నా వంక చూసింది. కంచంలోది తినేసి, పెరట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకుంది. ఇప్పుడు నేను చేటలో పోసి చూస్తే చాలు, ఏవి ఎవరింటివో చెప్పగలను. ఆ అన్నం తింటూ ఆ మనుషుల మీద కోపం తెచ్చుకోవటం చాలా కష్టం. అదీ ప్రయత్నించాను.

మా సంఘంలో ఇంకో అలవాటుంది. ఎవరు ప్రార్థన చేసినా చివర్లో మొదటి ఆమేన్ వేదిక మీద నుంచి మా ఆయనదే పడాలి. అప్పుడే మిగతావాళ్ళు ఆమేన్ అంటారు, కళ్ళు తెరుస్తారు, మోకాళ్ళ మీద నుంచి లేస్తారు. ఎవరు పెట్టారో తెలీదు, మేం రాకముందు నుంచీ ఉంది. ఒక ఎండాకాలం ఒక పెద్దాయన ప్రార్థన అందుకుని, దేశాలన్నిటినీ పేరుపేరునా దీవించి వచ్చేసరికి మా ఆయన నిలబడే కునుకు తీశారు. ప్రార్థన అయిపోయింది, ఆమేన్ పడలేదు. సంఘమంతా కళ్ళు మూసుకుని అలాగే ఉండిపోయింది. అయ్యగారు ఆత్మలో ఉన్నారనుకున్నారట. ఇక లాభం లేదని ఆడవాళ్ళ ముందు వరసలోంచి నేనే గట్టిగా ఆమేన్ అన్నాను. ఇంటికొచ్చాక ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం. అప్పట్నుంచీ ఆయన ఊళ్ళో లేకపోతే ఆ ఆమేన్ నాదే. అదీ నా పనుల్లో చేరిపోయింది.

పెళ్ళికి ముందు నేను ల్యాబ్ టెక్నీషియన్ని. బందర్లో చదివి, గుడివాడలో ఒక ఆసుపత్రి ల్యాబులో చేశాను. అక్కడ నాకు బాగా నచ్చిందేంటంటే, ఎవరూ నాకేమీ చెప్పుకునేవాళ్ళు కాదు. వచ్చి చెయ్యి చాపేవాళ్ళు. గుప్పిట మూయమనేదాన్ని, నరం వెతికి రక్తం తీసేదాన్ని, దూది పెట్టి పంపించేసేదాన్ని. తర్వాత నేనూ మైక్రోస్కోపూ మిగిలేవాళ్ళం. ఆ గుండ్రటి వెలుగులో ఉన్నది ఉన్నట్టు కనపడేది. మలేరియా ఉంటే ఉంది, లేకపోతే లేదు. ఎవరినీ ఓదార్చక్కర్లేదు. నా కోపంతో ఆ స్లైడుకి పనే లేదు. నా చెయ్యి తేలికని పేరుండేది, ఏడ్చే పిల్లలుంటే నా దగ్గరికే పంపేవాళ్ళు.

మొన్న వానాకాలంలో ఫోనొచ్చింది. బందర్లో నాతో చదివిన స్నేహితురాలు. ముస్లింల ఇంటి పిల్ల, చదువుకునే రోజుల్లో మా ఇద్దరిదీ ఒకే బల్ల, ఒకే టిఫిను డబ్బా. అవనిగడ్డలో సొంతంగా ల్యాబు పెట్టిందట. పరగడుపు రక్తాలు తీసే వేళకి, తెల్లారినప్పట్నుంచి పదకొండు దాకా మనిషి కావాలి. ఆదివారం సెలవు. ఉపోద్ఘాతం లేకుండా, "నీ చెయ్యి ఇంకా నిలకడగానే ఉందా?" అని అడిగింది.

నా చెయ్యి గురించి ఎవరైనా అడిగి ఎన్నేళ్ళయిందో. పొయ్యి ముందు నిలబడి చెయ్యి చాపి చూసుకున్నాను. వణకలేదు. "ఉందే" అన్నాను. వచ్చే నెల మొదటి సోమవారానికల్లా ఏ సంగతీ చెప్పమంది, ఆ తర్వాత ఇంకొకరిని చూసుకుంటానంది.

మా అమ్మాయి గుడివాడలో మా అమ్మ దగ్గరుండి చదువుకుంటోంది. పొద్దున్న పూట నాకు ఇంట్లో పెద్ద పనేం లేదు. జీతం కోసం కూడా కాదు, ఆ మాట ముందే చెబుతున్నా. రోజుకి ఓ నాలుగు గంటలు అమ్మగారిని కాకుండా ఉండాలనిపించింది, అంతే. దానికోసం ఎంత ఆశపడ్డానో చెప్పాలంటే సిగ్గేస్తోంది. ఈ ఊరొచ్చాక నేను కట్టింది తెల్ల చీరలే. ఆ మధ్యాహ్నం పెట్టె అడుగు నుంచి పెళ్ళినాటి రంగు చీరలు తీసి, ఎండలో వేసి, మడతలు మార్చి పైన పెట్టుకున్నాను.

మా ఆయనకి చెప్పాను. "నాకిష్టమే. నువ్వు వెళ్తే బాగుంటుంది" అన్నారు. నా ప్రాణం లేచొచ్చింది. అంతలోనే, "సంఘానికి చెప్పాలి కదా మరి" అన్నారు.

"నేను పెళ్ళి చేసుకుంది మిమ్మల్నండీ, సంఘాన్ని కాదు."

"ఆ రెండూ వేరని నీకెవరు చెప్పారు?" అన్నారు. ఆ మాట ఎగతాళిగా అనలేదు. అలిసిపోయిన మనిషి అన్నట్టు అన్నారు.

ఆయన భయం నాకు తెలియంది కాదు. పక్క మండలంలో ఒక పాస్టరు గారి భార్య స్కూల్లో టీచరుగా చేరింది. ఇంటిని చక్కబెట్టుకోలేనాయన సంఘాన్నేం చక్కబెడతాడని పెద్దలు గుసగుసలు మొదలెట్టి, ఏడాది తిరక్కుండా ఆ కుటుంబాన్ని సాగనంపారు. మేముంటున్న ఇల్లు కూడా సంఘానిదే. ఈ వయసులో ఈయన ఇంకెక్కడికని వెళ్తారు? మొదటి ఆదివారం ప్రభు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం పంచటం అయ్యాక పెద్దలు కూర్చుంటారు కదా, అప్పుడు మెల్లగా నేనే చెబుతానన్నారు. సరే అన్నాను. అక్కడితో నోరు మూసుకుని ఉండాల్సింది.

మా సంఘంలో ఒక పెద్దమ్మ ఉంది. భర్త పోయాడు, నాట్లకీ కలుపులకీ వెళ్తుంది, మోకాళ్ళు అరిగిపోయాయి. అమ్మాయి పుట్టినప్పుడు నాకు తలంటి, పత్యం వండి, రాత్రుళ్ళు పిల్లని ఒళ్ళో వేసుకుని కూర్చుంది ఆవిడే. నాకంటే పాతికేళ్ళు పెద్దదై ఉండి నన్ను అమ్మగారూ అంటుంది. వద్దన్నా వినదు. ఒకరోజు గోంగూర ఒలుస్తూ ఆవిడకి చెప్పేశాను. ల్యాబు సంగతి, సోమవారం సంగతి అన్నీ. ఆవిడ ఆకు ఒలవటం ఆపి విన్నది. "ప్రార్థన చేయండి పెద్దమ్మా" అన్నాను.

ఇరవై ఏళ్ళు పాస్టరమ్మగా ఉండి ఆ మాట అన్నానంటే నా బుద్ధి గడ్డి తిన్నట్టే. మాలో ఒక సంగతికి ప్రార్థన చేయమని అడిగితే, దాన్ని ఒక్కరే మోయరు. పదిమంది మోకాళ్ళూనితే బలం ఎక్కువ అంటారు. ఆ పదిమందినీ కూడగట్టటం నేనే నేర్పాను వాళ్ళకి, స్త్రీల కూడికలో. శుక్రవారం ఉపవాస కూడికకి నేను లేను, అమ్మాయిని చూడటానికి గుడివాడ వెళ్ళాను. పెద్దమ్మ లేచి నా సంగతి సంఘం ముందు పెట్టింది. అందులో మోసమేం లేదు. నేను అడిగిందే చేసింది, పొద్దున్నించీ పచ్చి మంచినీళ్ళు ముట్టకుండా చేసింది.

శనివారం నేను బస్సు దిగి ఇంటికొచ్చేసరికి మొదలైంది. అటువైపు గడియ చప్పుడు, తలుపు చప్పుడు. ఒకావిడ ములక్కాడలు తెచ్చింది. ఒకావిడ ఎండు రొయ్యలు, ఇంకొకావిడ బాతుగుడ్లు. ఒక్కరు కూడా ఉద్యోగం ఊసెత్తలేదు. పిల్ల బాగుందా, అమ్మ బాగుందా అని అడిగి కూర్చుని, లేచి వెళ్ళిపోయారు. ఒకావిడ మాటల్లోనే నా బియ్యం డ్రమ్ము దగ్గరికెళ్ళి మూత ఎత్తి చూసింది. చూసి, కొంగుతో కళ్ళొత్తుకుంది. డ్రమ్ము సగం ఉంది. ఆవిడకి అది సగం ఖాళీగా కనపడింది.

అప్పుడు అర్థమైంది నాకు. అమ్మగారు పనికెళ్తానంటున్నారంటే అమ్మగారికి తిండి చాలటం లేదని అనుకున్నారు. ఆడది పొద్దున్నే పనికి పోవటానికి ఆకలి తప్ప ఇంకో కారణం ఉంటుందని వాళ్ళకి తెలీదు. వాళ్ళు చేలోకి దిగేది అందుకే. అది కాదమ్మా, నాకు అన్నానికి లోటు లేదు అని నోటి దాకా వచ్చింది. మరెందుకండీ అని అడిగితే? మీరెవరూ తలుపు తోసుకుని రాని చోటు ఒకటి నాకు కావాలి అని ఆ బాతుగుడ్లు చేతిలో పట్టుకుని ఎలా చెప్పను? అందరికీ టీ పెట్టిచ్చాను.

మర్నాడే ఆ మొదటి ఆదివారం. పెద్దలతో మాట్లాడటానికి మా ఆయన పొద్దున్నించీ పెదాలు కదుపుకుంటూ తిరుగుతున్నారు, ఏం చెప్పాలో వల్లె వేసుకుంటున్నారని తెలుస్తోంది. ఆరాధనకి ముందే ఆడవాళ్ళు వరసగా వచ్చి బియ్యం పోయటం మొదలెట్టారు. వారమంతా తీసిన డబ్బా కుమ్మరించారు. దాని మీద కొంగులో మూటకట్టి తెచ్చినవి ఇంకోసారి కుమ్మరించారు. ఒకరి తర్వాత ఒకరు, అందరూ అంతే. బేసిను నిండి పొర్లిపోతుంటే ఎవరో పరుగున వెళ్ళి గోనెపట్టా తెచ్చి కింద పరిచారు. నేను ముందు వరసలో కూర్చుని చూస్తున్నాను. మూటల్లో నూకలున్నాయి. ఒక్కపూటే పొయ్యి వెలిగించే ఇల్లెవరిదో నాకు తెలుసు, ఆ ఇంటి నూకలు అవి.

ప్రార్థన వేళకి పెద్దమ్మ లేచి ముందుకొచ్చింది. ఆ బియ్యం పక్కనే, గచ్చు మీద, రెండు చేతులూ ఊని అతి కష్టం మీద మోకరించింది. కార్డ్‌లెస్ మైకు ఎవరో నోటి దగ్గర పట్టుకున్నారు.

"తండ్రీ, మా అమ్మగారిని మాకిచ్చావు, నీకు స్తోత్రమయ్యా. ఇన్నేళ్ళూ మేం ఒక గుప్పెడే తీశామయ్యా, చాల్తందో లేదో అడగలేదు. మా తప్పు క్షమించు. ఇకనించి ఇంటికి రెండు గుప్పిళ్ళు తీత్తామయ్యా. ఆ తల్లి ఎక్కడికీ పోనక్కర్లేకుండా చెయ్యి. ఆవిడ మనసు మా మధ్యనే కట్టెయ్యి తండ్రీ. యేసు నామంలో అడుగుతన్నాం."

అయిపోయింది. ఆమేన్ పడాలి.

పడలేదు. ఫ్యాన్ల చప్పుడు, సౌండు బాక్సులో సన్నగా రొద. ఆయన మళ్ళీ కునుకు తీశారేమో అనుకున్నాను ఒక్క క్షణం. ముసుగు కొంచెం ఎత్తి కళ్ళు తెరిచాను. ఆయన కళ్ళు తెరిచే ఉన్నాయి. వేదిక అంచు రెండు చేతులా పట్టుకుని, పెదాలు బిగించి, సూటిగా నన్నే చూస్తున్నారు. ఆ మాట అననని ఆ చూపు చెప్పింది. అననని అంటే అనరు, నాకు తెలుసు ఆ మనిషి. సాయంత్రం దాకా నిలబెట్టినా అలాగే నిలబడతారు. మా పెళ్ళయ్యాక ఆయన నా కోసం చేసిన పనుల్లో అంత పెద్దది ఇంకోటి లేదు. నాకు ఏడుపొచ్చింది.

అంతలో మగవాళ్ళ వైపు ముందు వరసలో ఒక పెద్దాయన తలెత్తారు. కళ్ళు తెరిచి మా ఆయన్ని చూశారు, తర్వాత మెడ తిప్పి నన్ను చూశారు. పక్కనున్న ఇంకో పెద్దకి మోచేత్తో తగిలించారు. ఆ మోచెయ్యి ఎక్కడిదాకా వెళ్తుందో నాకు కనపడింది. సామాను కట్టిన ట్రాక్టరు దాకా వెళ్తుంది. ఇటు చూస్తే పెద్దమ్మ. అరిగిన మోకాళ్ళ మీద బరువు అటూ ఇటూ మారుస్తూ, ఒక చేత్తో బేసిను అంచు పట్టుకుంది. ఆమేన్ పడందే ఆవిడ లేవదు. నా కోసం అడిగింది కదా, ఒళ్ళు విరిగిపోయినా లేవదు.

నేను ఆమేన్ అన్నాను. గట్టిగానే అన్నాను.

మందిరమంతా ఒక్కసారి అందుకుంది. అందరి గొంతులూ అణిగాక, చిట్టచివర, మైకులో మా ఆయన ఆమేన్ వినపడీ వినపడకుండా పడింది. పెద్దమ్మని లేవదీయటానికి వెళ్ళాను. ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది, మొహం వెలిగిపోతోంది. దేవుడు ఆలకించాడండీ అమ్మగారూ అంది. అవును పెద్దమ్మా అన్నాను. ఆవిడ మీద కోపం రావాలని ఎంత చూశానో, రాలేదు. అది వచ్చి ఉంటే ఎంత బాగుండేదో.

ఆరాధన అయ్యాక బియ్యం ఇద్దరు పట్టుకుని తలుపులోంచి తెచ్చారు, బేసినొకసారి, గోనెపట్టా మూట ఒకసారి. పెద్దలు కూర్చున్నారు కానీ ఆయనకి చెప్పాల్సిందేం మిగల్లేదు. అన్నం తినేటప్పుడు, "ఎందుకన్నావు?" అని అడిగారు. "మీరెందుకు అనలేదు?" అన్నాను. ఆయన కంచంలో అన్నం అలాగే ఉంది. నాకు కోపమొచ్చి, తినండి, అవి ఎవరి బియ్యమో మీకు తెలీదు, నాకు తెలుసు అన్నాను. తిన్నారు.

సోమవారం పొద్దున్నే నా స్నేహితురాలికి నేనే ఫోన్ చేశాను. నేనేమీ చెప్పకముందే నా గొంతులోనే సంగతి పసిగట్టేసింది.

"ఎవరే వద్దన్నది? మీ ఆయనా, సంఘమా?"

"ఎవరూ వద్దనలేదు" అన్నాను. "ఆమేన్ అన్నది నేనే."

అదేంటే, సరిగ్గా చెప్పు అంటోంది. ఇంతలో అటువైపు గడియ తీసిన చప్పుడైంది. తర్వాత చేస్తానని చెప్పి ఫోన్ పెట్టేసి, ముసుగు సర్దుకుని, ఇంకో గ్లాసు టీకి నీళ్ళు పెట్టాను.